శుక్రగ్రాహిక: గుండ్రటి పురుగుల సంతాన భాండాగారం

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మలపరీక్ష చేసే ఉద్యోగి సూక్ష్మదర్శిని క్రింద గాజు పలకను ఉంచి చూస్తాడు. ఏలికపాములున్న రోగి విషయంలో సాధారణంగా ఆయనకు కనిపించేవి కొద్దిగా కోలగా ఉండే గుడ్లు. వాటి పొడవు 45 నుండి 75 మైక్రాన్లు. మిల్లీమీటరులో వెయ్యవ వంతు ఒక మైక్రాను. ఆ గుడ్ల చుట్టూ దళసరి పెంకు, దానిపై గరుకైన గోధుమవన్నె పొర ఉంటాయి. అప్పుడప్పుడు వీటికి భిన్నమైన గుడ్లు కూడ కంటబడతాయి. అవి పొడవైనవి, దాదాపు 90 మైక్రాన్ల దాకా సాగి ఉంటాయి. పెంకు పలుచన. లోపల క్రమం లేని రేణువులు తప్ప మరేమీ ఉండదు.

మొదటి రకం గుడ్డు తడిమట్టిలో పడితే కొన్ని వారాలలో మరొక బిడ్డకు ముప్పు తెచ్చే స్థితికి ఎదుగుతుంది. రెండవ రకం గుడ్డు మట్టిలో ఎంతకాలం పడి ఉన్నా పురుగు కాజాలదు. రెండింటినీ పెట్టినవి ఒకే జాతి ఆడపురుగులే. మరి ఈ తేడా ఎక్కడ ఏర్పడినది? ఆడపురుగు శరీరంలో, గర్భాశయపు పై కొసన ఉండే ఒక చిన్న భాగంలో. ఆ భాగంలో మగపురుగు నుండి గ్రహించిన శుక్రకణాలు నిలువ ఉన్నవా, లేవా అన్న ఒక్క విషయమే గుడ్డు భవిష్యత్తును నిర్ణయిస్తున్నది. జీవశాస్త్రజ్ఞులు ఆ భాగానికి శుక్రగ్రాహిక అని పేరు పెట్టారు. చూపుకు ఎంతో అల్పమైన ఈ భాగం మన దేశంలో కోట్లాది బాలబాలికల ఆరోగ్యంతోను, రైతుల పంటలతోను, బోదకాలు వ్యాధి నిర్మూలన కార్యక్రమంతోను ముడివడి ఉన్నది. కనుక దాని నిర్మాణాన్ని, పనిచేసే తీరును తెలుసుకొనటం ప్రయోజనకరం.

గొట్టంలో గొట్టాలు

గుండ్రటి పురుగులు, అనగా నెమటోడులు, భూమిపై అత్యధిక సంఖ్యలో ఉన్న జంతువులలో చేరినవి. ఇంతవరకు శాస్త్రజ్ఞులు 25 వేలకు పైగా జాతులను వర్ణించారు. సముద్రపు అడుగు బురద మొదలు పొలం మట్టి వరకు, మొక్కల వేళ్ళు మొదలు మనిషి ప్రేగుల వరకు ఇవి లేని చోటు అరుదు. వానపాముకు ఉన్నట్లు వీటి శరీరానికి ఖండాలు ఉండవు. నున్నని దారపు పోగువలె ఉండి, రెండు కొసలకు సన్నబడి ఉంటాయి. వెలుపల దృఢమైన అవభాసిని, దాని లోపల కండరాలు, మధ్యలో ద్రవంతో నిండిన కుహరం ఉంటాయి. ఆ ద్రవంలో ఆహారనాళం ఒక గొట్టంగాను, జననేంద్రియాలు మరికొన్ని గొట్టాలుగాను అమరి ఉంటాయి.

మనిషి చిన్నప్రేగులో నివసించే ఏలికపామును ఉదాహరణగా తీసుకొందాం. ఆడపురుగు పొడవు 20 నుండి 35 సెంటీమీటర్లు. మగపురుగు అంతకంటె చిన్నది; దాని తోక కొక్కెంవలె వంగి ఉంటుంది. ఆడపురుగును కోసి చూస్తే మొదట కంటబడేది తెల్లని దారపు ఉండవలె ప్రేగు చుట్టూ పెనవేసుకొని ఉన్న జననేంద్రియాలే. శరీర కుహరంలో అధికభాగాన్ని అవే ఆక్రమిస్తాయి. ప్రేగులో జీర్ణమైన ఆహారం నిరాయాసంగా లభిస్తున్నందున ఈ పురుగుకు సంతానోత్పత్తే ప్రధాన వృత్తి అయినదని చెప్పవచ్చును.

ఈ దారపు ఉండను విప్పి చూస్తే అందులో రెండు సమానమైన గొట్టాలు తేలుతాయి. ప్రతి గొట్టంలోను భాగాలు ఒక వరుసలో ఉంటాయి. మూసుకొని ఉన్న సన్నని కొస స్త్రీ బీజకోశం. అక్కడ అండకణాలు పుట్టి, ఒక నడిమి కాడ చుట్టూ చక్రపు ఆకులవలె అమరి పెరుగుతాయి. తరువాతి భాగం అండవాహిక. దానిని దాటితే శుక్రగ్రాహిక. అక్కడి నుండి గొట్టం ఒక్కసారిగా లావై గర్భాశయంగా మారుతుంది. రెండు గర్భాశయాలు క్రిందికి వచ్చి ఒకటిగా కలిసి, పొట్టి యోనిమార్గం ద్వారా వెలుపలికి తెరుచుకొంటాయి. ఈ ద్వారం తోక దగ్గర ఉండదు. తల నుండి సుమారు మూడవ వంతు దూరంలో పొట్టభాగాన ఉంటుంది.

అండకణాలు పుట్టే చోటు ఒక కొస. శుక్రకణాలు ప్రవేశించే ద్వారం మరొక కొస. రెండూ కలియవలసిన చోటు వాటి నడుమ ఉన్న శుక్రగ్రాహిక. ఇక్కడ మరొక విశేషాన్ని గమనించాలి. గుడ్డుకు పెంకు ఒకసారి ఏర్పడితే శుక్రకణం దానిలో ప్రవేశించలేదు. కాబట్టి పెంకు ఏర్పడే గర్భాశయాన్ని చేరుటకు ముందే ఫలదీకరణ జరిగి తీరాలి. శుక్రకణాలను గర్భాశయపు పై కొసన నిలువ ఉంచటంలోని ఔచిత్యం ఇదే. అండకణాలన్నీ ఒక్కొక్కటిగా ఈ సుంకపు ద్వారం గుండానే పోవాలి. అక్కడ శుక్రకణం ప్రవేశించిన వెంటనే అండం తన పెంకును కట్టుకొనటం మొదలుపెడుతుంది. గర్భాశయపు గోడలు దానిపై గరుకైన వెలుపలి పొరను చేరుస్తాయి. శుక్రకణం దొరకని అండం కూడ క్రిందికి జారిపోతుంది. అయితే దాని పెంకు సరిగా ఏర్పడదు. గాజు పలకపై కనిపించిన పొడవైన పలుచని గుడ్డు అదే.

పూర్తిగా ఎదిగిన ఆడ ఏలికపాము రోజుకు సుమారు 2 లక్షల గుడ్లు పెడుతుంది. ఒకే సమయంలో దాని గర్భాశయాలలో రెండున్నర కోట్లకు మించి గుడ్లు ఉండగలవని లెక్క కట్టారు. పురుగు జీవితకాలం ఒకటి నుండి రెండు సంవత్సరాలు. ఇన్ని గుడ్లలో ప్రతి గుడ్డుకూ ఒక శుక్రకణం అవసరం. ప్రతి గుడ్డుకూ ఒక సంయోగం జరగటం అసాధ్యం గదా! అందువలన ఒక సంయోగంలో లభించిన శుక్రకణాలను దాచుకొని క్రమక్రమంగా వినియోగించుకొనే ఏర్పాటు ఆవశ్యకమైనది.

గుర్రపు పురుగు నేర్పిన పాఠం

ఈ భాగంలో జరిగే సంఘటనను మొదట స్పష్టంగా గమనించిన ఘనత బెల్జియం దేశపు శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ వాన్ బెనెడెన్‌కు దక్కినది. లియేజ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగా ఉన్న ఆయన గుర్రం ప్రేగులో ఉండే ఏలికపామును పరిశీలించాడు. ఈ పురుగు ఎంపికకు బలమైన కారణం ఉన్నది. దాని కణాలలో క్రోమోజోముల సంఖ్య అత్యల్పం. ఒక రకంలో నాలుగు, మరొక రకంలో రెండు మాత్రమే. పైగా ఆడపురుగు గొట్టాన్ని పై కొస నుండి క్రింది వరకు పరిశీలిస్తే, శుక్రకణం ఇంకా చేరని అండం, అప్పుడే చేరిన అండం, విభజన మొదలైన అండం వరుసగా కనిపిస్తాయి. ఒక గ్రంథంలోని పుటలను వరుసగా తిప్పినట్లే ఉంటుంది.

1883లో వాన్ బెనెడెన్ తన పరిశీలనలను ప్రకటించాడు. ఫలదీకరణ చెందిన అండంలో తల్లి నుండి వచ్చిన క్రోమోజోములు ఎన్నో తండ్రి నుండి వచ్చినవి కూడ అన్నే అని ఆయన చూపాడు. జర్మనీకి చెందిన థియోడర్ బొవెరీ ఇదే పురుగుపై పరిశోధనలు సాగించి, ఆనువంశికతలో క్రోమోజోముల పాత్రను నిర్ధారించటంలో ముఖ్యుడయ్యాడు. సంతానానికి తల్లి, తండ్రి సమానంగా వారసత్వాన్ని అందిస్తారని నేడు ప్రతి విద్యార్థి పాఠ్యపుస్తకంలో చదువుకొంటున్నాడు. ఆ సత్యానికి మొదటి ప్రత్యక్ష సాక్ష్యాలలో ఒకటి అసహ్యించుకొనదగిన ఒక పురుగు గర్భకోశంలో లభించినది.

తోకలేని శుక్రకణం

శుక్రకణం అనగానే చిన్న తల, పొడవైన తోక మన కన్నుల ముందు మెదలుతాయి. మనిషి, పశువు, పక్షి, చేప మొదలైన వాటిలో అది తోకను కొట్టుకొంటూ ఈదుతుంది. గుండ్రటి పురుగుల శుక్రకణానికి ఆ తోక ఉండదు. అది ఈదదు; ప్రాకుతుంది. మగపురుగు శరీరంలో ఉన్నంతకాలం గుండ్రంగా, కదలిక లేకుండా ఉంటుంది. ఆడపురుగు శరీరంలో ప్రవేశించే సమయంలో మేలుకొని, ఒక ప్రక్కకు మిథ్యాపాదాన్ని చాస్తుంది. అమీబా కదలికను చూచినవారికి ఇది సులభంగా బోధపడుతుంది.

అయితే అమీబాకు, ఈ శుక్రకణానికి ఒక మౌలికమైన భేదం ఉన్నది. అమీబాలోను, మన రక్తంలోని తెల్లకణాలలోను కదలికకు ఆధారం యాక్టిన్ అనే ప్రోటీను. గుండ్రటి పురుగుల శుక్రకణం దానికి బదులు తనకే ప్రత్యేకమైన మరొక ప్రోటీనును ఉపయోగిస్తున్నది. శుక్రకణంలో అధిక మొత్తంలో ఉండటం వలన శాస్త్రజ్ఞులు దానిని ప్రధాన శుక్రకణ ప్రోటీను అని పిలుస్తున్నారు. దాని అణువులు మిథ్యాపాదపు ముందు అంచున పోగులుగా అల్లుకొంటాయి, వెనుక భాగాన విడిపోతాయి. ముందు అల్లటం, వెనుక విప్పటం ఏకకాలంలో జరుగుతూ కణం ముందుకు సాగుతుంది.

ప్రాకటం వలన లాభమేమి? గర్భాశయంలో గుడ్లు ఎల్లప్పుడూ పై నుండి క్రిందికి కదులుతూ ఉంటాయి. శుక్రకణాలు వెళ్ళవలసినది క్రింది నుండి పైకి. ఇరుకైన గొట్టంలో ఎదురుగా వచ్చే గుడ్లను తప్పుకొని, గోడను అంటిపెట్టుకొని పైకి ప్రాకగల కణానికే శుక్రగ్రాహికను చేరటం, అక్కడ నిలదొక్కుకొనటం సాధ్యం. దాని ఆకృతి అది చేయవలసిన ప్రయాణానికి తగినట్లే ఉన్నది.

పారదర్శక జీవి చెప్పిన లెక్క

ఏలికపాము శరీరం వెలుతురును పోనివ్వదు. బ్రతికి ఉన్న పురుగులో శుక్రగ్రాహిక ఏ విధంగా పనిచేస్తుందో చూడాలంటే పారదర్శకమైన జీవి కావాలి. అటువంటి జీవి మట్టిలో, కుళ్ళుతున్న పండ్లలో బాక్టీరియాను తిని బ్రతికే ఒక మిల్లీమీటరు పొడవు గల సీనోరాబ్డైటిస్ ఎలిగాన్స్. కేంబ్రిడ్జిలో సిడ్నీ బ్రెనర్ దీనిని పరిశోధనకు ఎన్నుకొని, 1974లో దాని జన్యుశాస్త్రంపై ప్రసిద్ధమైన వ్యాసాన్ని ప్రకటించాడు. ఈ పురుగుపై చేసిన కృషికి బ్రెనర్, జాన్ సల్‌స్టన్, రాబర్ట్ హార్విట్జ్ 2002లో నోబెల్ బహుమానం పొందారు. జన్యుపదార్థం యావత్తు చదవబడిన మొదటి జంతువు కూడ ఇదే. ఆ పని 1998లో పూర్తి అయినది.

ఈ జాతిలో మగపురుగులు చాలా అరుదు. తక్కినవి రూపంలో ఆడపురుగులే అయినా, యౌవనంలో కొద్దికాలం శుక్రకణాలను తయారుచేసి తమ శుక్రగ్రాహికలలోనే దాచుకొంటాయి. ఆ తరువాత జీవితాంతం అండకణాలను మాత్రమే ఉత్పత్తి చేస్తాయి. ఇటువంటి వాటిని ఉభయలింగ జీవులంటారు. ఒక్కొక్క పురుగు దాచుకొనే శుక్రకణాలు రెండు గొట్టాలలోను కలిపి సుమారు 300. అది కనే పిల్లలు కూడ సుమారు 300. అనగా దాచిన శుక్రకణాలలో దాదాపు ఒక్కటి కూడ వృథా కాదు. నిలువ అయిపోయిన పిమ్మట అండకణాలు ఎన్ని ఉన్నా పిల్లలు పుట్టరు. అదే పురుగుకు మగపురుగుతో సంయోగం జరిగితే పిల్లల సంఖ్య వెయ్యికి చేరగలదు. ఆ పురుగు సంతానానికి హద్దు గీచేది అండకణాల సంఖ్య కాదు, శుక్రకణాల నిలువ అని దీనివలన రుజువైనది.

ఆ నిలువను కాపాడుకొనే తీరు ఆశ్చర్యకరం. ఈ పురుగు శుక్రగ్రాహిక గోడ 24 కణాలతో కట్టబడి, మడతలు పడి ఉంటుంది. ఇరవై నిమిషాలకు కొద్దిగా పైబడిన వ్యవధిలో ఒక్కొక్క అండం లోపలికి ప్రవేశిస్తుంది. అప్పుడు మడతలు విచ్చుకొని గోడ సాగుతుంది. ఫలదీకరణ జరిగిన అండం క్రింది ద్వారం గుండా గర్భాశయంలోనికి పోతూ, తనతోపాటు కొన్ని శుక్రకణాలను కూడ నెట్టుకొని పోతుంది. వెలుపలికి కొట్టుకొనిపోయిన ఆ కణాలు అక్కడే ఉండిపోవు. మిథ్యాపాదాలతో మరల ప్రాకి తమ చోటికి చేరుకొంటాయి. అండాలు విడుదల చేసే ప్రోస్టాగ్లాండిన్లు అనే కొవ్వు సంబంధమైన పదార్థాలు వాటికి దారి చూపుతాయి. ప్రతి అండంతోను ఈ తోపులాట, తిరుగు ప్రయాణం జరుగుతూనే ఉంటాయి.

2001లో మరొక రహస్యం బయటపడినది. శుక్రకణం ప్రాకటానికి ఉపయోగపడే ఆ ప్రధాన ప్రోటీనే వెలుపలికి స్రవించి, ఎగువన వేచి ఉన్న అండానికి సంకేతంగా కూడ పనిచేస్తున్నది. ఆ సంకేతం అందిన అండం పరిపక్వమై క్రిందికి దిగుతుంది. శుక్రకణాలు లేనప్పుడు సంకేతం ఉండదు. అండాలు దిగటం చాలావరకు మందగిస్తుంది. అనగా శుక్రగ్రాహిక కేవలం గిడ్డంగి కాదు. సరకు ఉన్నదో లేదో ఎగువకు కబురు పంపే కార్యాలయం కూడ.

ఇక మగపురుగు శుక్రకణాలు వచ్చినప్పుడు పోటీ ఏర్పడుతుంది. అవి పురుగు సొంత శుక్రకణాలకంటె పెద్దవి. శుక్రగ్రాహికలో మంచి స్థానాలను ఆక్రమించి, అండాలలో అధికభాగాన్ని అవే ఫలదీకరిస్తాయి. శామ్యూల్ వార్డ్ తన సహపరిశోధకులతో కలిసి 1979లో ఈ పోటీని వివరించాడు.

ఖాళీ సంచి కూడ ఒక గుర్తే

పంటల వేళ్ళను ఆశించే నులిపురుగులలో శుక్రగ్రాహిక మరొక విధంగా ఉపకరిస్తున్నది. వేరు కణజాలాన్ని తొలిచి గాయపరచే ప్రాటిలెంకస్ జాతులు చూపుకు ఒకేలా ఉంటాయి. వాటిని వేరుచేసి గుర్తించటానికి నిపుణులు చూచే లక్షణాలలో ఒకటి శుక్రగ్రాహిక నిండుగా ఉన్నదా, ఖాళీగా ఉన్నదా అన్నది. కాఫీ వేళ్ళకు, అరటి వేళ్ళకు హాని చేసే ప్రాటిలెంకస్ కాఫియే జాతిలో మగపురుగులు విరివిగా ఉంటాయి. ఆడపురుగు శుక్రగ్రాహికలో శుక్రకణాలు కనిపిస్తాయి. ప్రాటిలెంకస్ బ్రాకియూరస్ జాతిలో మగపురుగులు అరుదు. శుక్రగ్రాహిక ఖాళీగా ఉంటుంది.

సంచి ఖాళీగా ఉన్నంత మాత్రాన రైతుకు ఊరట లేదు. ఎందుకనగా అటువంటి జాతులు శుక్రకణం అవసరం లేకుండానే సంతానాన్ని పొందగల మార్గాన్ని అవలంబించాయి. దీనికి అనిషేక జననం అని పేరు. టమాటా, వంగ, బెండ మొదలైన కూరగాయల వేళ్ళపై బుడిపెలు కలిగించే వేరుముడి నులిపురుగు మెలాయిడోగైన్ ఇన్‌కాగ్నిటా ఈ వర్గానిదే. ఆడపురుగు బేరిపండువలె ఉబ్బి, వేరులోనే కదలక కూర్చుండి, జిగురు ముద్దలో కొన్ని వందల గుడ్లను పెడుతుంది. మట్టిలో ఒకే ఒక ఆడ పిల్లపురుగు మిగిలినా దాని వంశం నిలుస్తుంది. జంటను వెదకవలసిన అగత్యం లేదు. వేరుముడి పురుగును పొలం నుండి పూర్తిగా తొలగించటం కష్టమగుటకు ఇది ఒక ముఖ్య కారణం. పంటమార్పిడి, వేసవిలో లోతు దుక్కి, తట్టుకొనగల రకాల ఎంపిక వంటి పద్ధతులను ఏటేటా పాటించవలసి రావటం ఇందుకే.

ఏలికపాముకు మాత్రం ఈ సౌలభ్యం లేదు. మగపురుగు లేనిదే దాని గుడ్డు నిష్ఫలం. మనిషికి అనుకూలించే బలహీనత ఇక్కడే ఉన్నది.

బోదకాలు పురుగు: సంవత్సరాల లెక్క

బోదకాలుకు ప్రధాన కారణమైన ఉకరేరియా బాంక్రాఫ్టీ చరిత్రలో మన దేశానికి స్థానం ఉన్నది. 1872లో కలకత్తాలో పనిచేస్తున్న వైద్యుడు తిమోతీ లూయిస్ మనిషి రక్తంలో దీని సూక్ష్మ శిశువులను కనుగొన్నాడు. వాటినే మైక్రోఫైలేరియాలంటారు. వాటి తల్లిని, అనగా పెరిగిన ఆడపురుగును, 1876లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో జోసెఫ్ బాంక్రాఫ్ట్ కనుగొన్నాడు. మరుసటి సంవత్సరమే పాట్రిక్ మాన్సన్ చైనాలోని అమోయ్‌లో దోమ పాత్రను వెల్లడించాడు.

ఆడపురుగు 8 నుండి 10 సెంటీమీటర్ల పొడవు గల సన్నని తెల్లని దారం. మగపురుగు పొడవు అందులో సగం కూడ ఉండదు. రెండూ శోషరస నాళాలలో పెనవేసుకొని నివసిస్తాయి. ఇక్కడ కూడ గొట్టాలు రెండు. వరుస కూడ అదే. అయితే ఈ పురుగు గుడ్లను విడువదు. ఫలదీకరణ చెందిన అండాలు గర్భాశయంలోనే పిండాలుగా ఎదుగుతాయి. పలుచని పెంకు సాగి పిండానికి తొడుగుగా మారుతుంది. ఆ విధంగా తొడుగు ధరించిన శిశువులే రక్తంలో చేరి, రాత్రివేళ దోమకు అందుబాటులోనికి వస్తాయి. ఒక ఆడపురుగు నాలుగు నుండి ఆరు సంవత్సరాల పాటు ఈ విధంగా శిశువులను విడుస్తూ ఉండగలదు.

ఈ వ్యాధికి ఉపయోగపడిన మొదటి సురక్షితమైన నోటి మందు డైఇథైల్‌కార్బమజీన్. 1947లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలలో దీనిని కనుగొన్న పరిశోధనలకు సారథ్యం వహించినవాడు భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. ఈ మందు రక్తంలోని మైక్రోఫైలేరియాలను వేగంగా తొలగిస్తుంది. పెరిగిన పురుగులలో కొన్నింటిని మాత్రమే చంపగలదు. మిగిలిన ఆడపురుగు గర్భాశయాలు కొంతకాలానికి తిరిగి శిశువులను విడువసాగుతాయి. అందువలన ఒకసారి మ్రింగిన మందుతో పని ముగియదు. ఆడపురుగు సంతాన కాలం ముగిసే వరకు ఏటేటా గ్రామంలోని వారందరూ మందు తీసుకొంటేనే దోమకు అందే శిశువుల ప్రవాహం ఆగుతుంది.

మన దేశంలో 2004లో ఏటా ఒకసారి సామూహికంగా మందు ఇచ్చే కార్యక్రమం ఆరంభమైనది. 2007లో దానికి ఆల్బెండజోల్‌ను చేర్చారు. 2018 నుండి కొన్ని జిల్లాలలో ఐవర్‌మెక్టిన్‌ను కూడ కలిపి మూడు మందులను ఇస్తున్నారు. ఈ మూడింటి కలయిక ఆడపురుగును చాలాకాలం పాటు శిశువులను విడువకుండా చేస్తున్నదని పరిశోధనలలో తేలినది. పురుగును చంపలేకపోయినా దానిని గొడ్రాలిని చేస్తే చాలునన్నది ఇక్కడి సూత్రం. ఆరోగ్యంగా ఉన్న నాకు ఈ మాత్ర ఎందుకని ప్రశ్నించే ప్రతి పౌరునికి సమాధానం కూడ ఇదే. వ్యాధి లక్షణాలు ఏమీ లేని మనిషి శరీరంలో కూడ ఒక జంట పురుగులు ఉండి సంవత్సరాల తరబడి దోమలకు శిశువులను అందించవచ్చును.

జంట దొరకని పురుగు

తిరిగి ఏలికపాము వద్దకు వద్దాం. ఇద్దరు పిల్లలను ఊహించండి. ఒకరి ప్రేగులో ఇరవై పురుగులు, మరొకరి ప్రేగులో ఒకే ఒక ఆడపురుగు. మొదటి బిడ్డ నుండి రోజూ లక్షల కొలది సజీవమైన గుడ్లు మట్టిలో చేరుతాయి. రెండవ బిడ్డ ప్రేగులోని పురుగు కూడ గుడ్లు పెడుతుంది. కాని దాని శుక్రగ్రాహిక ఖాళీ. కనుక ఆ గుడ్లు ఎవరికీ హాని చేయవు. ఒక గ్రామంలో పురుగుల సంఖ్య బాగా తగ్గి, ఆడపురుగుకు మగపురుగు దొరకటమే దుర్లభమైన నాడు వ్యాధి తనంతట తానే క్షీణించాలి.

అయితే ప్రకృతి ఇంత సులభంగా లొంగదు. పురుగులు ప్రజలందరిలో సమానంగా పంచబడి ఉండవు. కొద్దిమందిలోనే అధికభాగం గుంపుగా ఉంటాయి. ఆ కొద్దిమందిలో ప్రతి ఆడపురుగుకు జంట తప్పక దొరుకుతుంది. ఊరిలో సగటు సంఖ్య తక్కువగా కనిపించినా, ఆ కొద్ది ఇళ్ళ నుండే నేల అంతా కలుషితమవుతుంది. వారెవరో ముందుగా తెలియదు. అందుకే జబ్బు ఉన్నవారిని వెదకి మందు ఇవ్వటానికి బదులు పిల్లలందరికీ ఒకే రోజున ఇచ్చే పద్ధతిని ఎన్నుకొన్నారు. మన దేశంలో జాతీయ నులిపురుగుల నివారణ దినోత్సవం 2015 ఫిబ్రవరి 10న కొన్ని రాష్ట్రాలలో మొదలై, 2016లో దేశమంతటికీ విస్తరించినది. ఒకటి నుండి పందొమ్మిది సంవత్సరాల వయసు వారికి పాఠశాలలలోను, అంగన్‌వాడీ కేంద్రాలలోను ఆల్బెండజోల్ మాత్ర ఇస్తారు. మోతాదు 400 మిల్లీగ్రాములు. రెండేళ్ళ లోపు పిల్లలకు అందులో సగం.

ఆ మాత్ర ప్రేగులోని పురుగును ఆహారం గ్రహించలేని స్థితికి తెచ్చి వెలుపలికి పంపుతుంది. పురుగుతోపాటే దాని గర్భాశయాలు, శుక్రగ్రాహికలు, వాటిలోని నిలువలు అన్నీ పోతాయి. కాని అది అంతకుముందే మట్టిలో విడిచిన గుడ్లపై మాత్రకు అధికారం లేదు. శుక్రకణం అందుకొన్న నాడు ఏర్పడిన ఆ దళసరి పెంకు గుడ్డును రసాయనాల నుండి కాపాడుతూ అనుకూలమైన నేలలో సంవత్సరాల పాటు సజీవంగా ఉంచగలదు. ఆ మట్టి చేతిగోళ్ళ ద్వారా గాని, కడగని కూరగాయల ద్వారా గాని నోటికి చేరితే రెండు మూడు నెలలలో మరొక ఆడపురుగు గుడ్లు పెట్టటం మొదలుపెడుతుంది. కనుక మాత్ర మ్రింగటం సగం పని మాత్రమే. మరుగుదొడ్డి వాడకం, భోజనానికి ముందు సబ్బుతో చేతులు కడుగుకొనటం, కూరగాయలను శుభ్రపరచటం తక్కిన సగం. మొదటిది పురుగును జంట నుండి వేరుచేస్తుంది. రెండవది గుడ్డును బిడ్డ నుండి వేరుచేస్తుంది.

కళాశాల ప్రయోగశాలలో ఏలికపామును కోసి చూచే విద్యార్థి ఆ తెల్లని గొట్టాలను విప్పేటప్పుడు, గర్భాశయం సన్నబడి అండవాహికగా మారే చోట ఒక్క క్షణం ఆగి చూడాలి. పటంలో దానికి ఒక గీత, ఒక పేరు తప్ప మరేమీ కనిపించకపోవచ్చును. పరీక్షలో దానికి దక్కేది అర మార్కు. కాని కణశాస్త్రపు మొదటి పాఠాలలో ఒకటి అక్కడే వ్రాయబడినది. ఊరి ఆరోగ్య కేంద్రంలో గాజు పలకపై పొడవైన పలుచని గుడ్లు మాత్రమే కనిపించిన నాడు అక్కడి ఉద్యోగి వాటినీ తన పుస్తకంలో నమోదు చేస్తాడు, రోగికి మాత్ర ఇప్పిస్తాడు. ఆ ప్రేగులోని ఆడపురుగుకు మగజంట తోడు లేదని, ఆ గుడ్ల వలన మరొక బిడ్డకు పురుగు సోకదని కూడ ఆ పలకే ఆయనకు చెబుతున్నది.